మా ఆయన రైలెక్కించిన లూయెల్లా

ఆ వేసవంతా మా ఆయన లూయెల్లా అనే ఆవిడని వారానికి ఆరు రోజులు రైలెక్కించాడు. ఏడో రోజు చర్చి కాబట్టి ఆవిడకి సెలవు. పోనీ ఎక్కినావిడ ఎక్కినట్టు ఉంటుందా అంటే అదీ లేదు. పొద్దున్న ఒకసారి వెళ్ళిపోతుంది, భోజనాల వేళకి మళ్ళీ ఎక్కడానికి తయారు. ఇన్నిసార్లు ఊరొదిలిపోయిన మనిషి మిసిసిప్పీ మొత్తం మీద ఇంకొకతె ఉండదు. నేను మాత్రం పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా రైలు మెట్టు తొక్కలేదు.

మా ఆయన పేరు హోసియా. పట్టాలు సరిచేసే గ్యాంగులో పాటగాడు. ఎండలకి ఇనుము సాగి పట్టాలు పాముల్లా పక్కకి ఒంకర్లు పోతాయి. మగవాళ్ళు వరసగా నిలబడి, పట్టా కింద గునపాలు పెట్టి, అందరూ ఒక్క ఊపున లాగాలి. ఎవరి ఊపున వాళ్ళు లాగితే పట్టా కదలదు, నడుములు కదులుతాయి. అందుకని పాట. పాటగాడు ఒక చరణం అంటాడు, చరణం చివర అందరూ ‘హా’ అని లాగుతారు. దూరంగా మేస్త్రీ ఉంటాడు, తెల్లాయన, ఆయన్ని అందరూ కెప్టెన్ అంటారు. ఒక కన్ను మూసి పట్టా వెంట చూసి, ఇంకొంచెం అనో చాలు అనో చెయ్యి ఊపుతాడు. కెప్టెన్ చేతికి, గునపాలకి మధ్య ఉండేది హోసియా గొంతు ఒక్కటే.

మా ఇల్లు పట్టాలకి ఎంత దగ్గరంటే, గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా అలమారలో గిన్నెలు వాటంతటవే చోట్లు మార్చుకునేవి. కాబట్టి ఆ పాట వినడానికి నేను ప్రత్యేకంగా ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. వరండాలో కూర్చుంటే చాలు. పక్కన మా అత్తగారు టెంపీ, మొక్కజొన్న కండెతో చేసిన పైపు నోట్లో పెట్టుకుని అలసందలు ఒలుస్తూ ఉండేది.

“పొద్దుటి బండెక్కి పోయింది నా లూయెల్లా, హా
పసుపు టోపీ కనబడింది, మొహమే కనబడలా, హా”

“మొహం కనబడకపోతే అది లూయెల్లా అని వీడికెలా తెలిసిందే జెనీవా?” అంది అత్తగారు మొదటిసారి విన్నరోజు.

“టోపీ చూసి పోల్చుకుని ఉంటాడులెండి.”

“అంటే టోపీ ముందే తెలుసన్నమాట.”

ఆవిడకి నామీద ప్రేమ లేక కాదు. నిప్పుల మీద ఉప్పు చల్లితే వచ్చే చప్పుడంటే ఆవిడకి మొదట్నించీ ఇష్టం.

“మీ అబ్బాయినే అడగరాదూ?”

“అడిగితే చెప్పే మగాణ్ణి నేను కనలేదు. వీళ్ళ నాన్నా అంతేగా. ఎక్కడికయ్యా అంటే ఉత్తరాదికి అన్నాడు. ఉత్తరాది అంటే ఎక్కడయ్యా అంటే బండెక్కడ ఆగితే అక్కడ అన్నాడు.”

మా మావగారు హోసియా ఇంకా ఆవిడ కడుపులో ఉండగా రైలెక్కారు. ముందు తను వెళ్ళి, చోటు చూసి, టికెట్టు పంపి పిలిపిస్తానన్నారు. మా వైపు మగవాళ్ళంతా అదేమాట చెప్పి వెళ్తారు, అదొక ఆచారం. టికెట్టు రాలేదు. “పోస్టు ఆలస్యం” అని ఊరుకుంటుంది మా అత్తగారు.

పనిరోజుల్లో పట్టాలు లాగిన పాటే శనివారం సాయంత్రం బ్లూస్, అంటే పోయినవాళ్ళ మీద ఏడుపు పాట, అయ్యేది. మిస్ కార్డీ అనే ఆవిడకి పత్తి గింజలు తీసే జిన్ను మిల్లు వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడ వేయించిన చేప, బాటిల్లో దొరికేవి, పాట, మూడూ అమ్ముతుంది. చర్చికి వెళ్ళే ఆడవాళ్ళు ఆ షెడ్డు ఛాయలకి పోకూడదు. నేను చర్చికి వెళ్ళే దాన్నే. అందుకని గుమ్మం లోపలికి వెళ్ళకుండా కిటికీ బయట నిలబడి వినేదాన్ని. అక్కడ నాకు చర్చి పెద్ద డీకను గారి భార్య కూడా కనబడేది. ఇద్దరం ఒకరినొకరం చూసుకోనట్టు ఉండేవాళ్ళం.

హోసియా ముందు మౌత్ ఆర్గాన్‌తో బండిని రప్పించేవాడు. ఎక్కడో దూరంగా, పత్తి చేల అవతల, ఉందా లేదా అన్నట్టు ఒక కూత. తర్వాత చక్రాలు. అవి దగ్గరవుతున్న కొద్దీ జనం తెలియకుండానే గోడల వైపు జరిగేవాళ్ళు, మధ్యలో దారి వదిలేసేవాళ్ళు. తాగినవాడు కూడా కాళ్ళు వెనక్కి తీసుకునేవాడు. బండి వచ్చి, ఆగి, ఆవిరి వదిలాక అప్పుడు మౌత్ ఆర్గాన్ కింద పెట్టి గిటార్ తీసుకుని లూయెల్లాని ఎక్కించేవాడు. ఆవిడ మెట్టెక్కుతుంటే ఆడవాళ్ళు కొంగులు... కాదు, మేం కొంగులు కట్టం, ఏప్రన్లు కళ్ళకి ఒత్తుకునేవాళ్ళు. కట్టుకున్న పెళ్ళాం కిటికీ బయట దోమలు కొట్టుకుంటోందన్న సంగతి ఒక్కరికీ పట్టేది కాదు.

ఈ లూయెల్లా ఎవరన్నది ఊళ్ళో పెద్ద చర్చ. జూన్ నెల సగంలో మిస్ కార్డీ పసుపు టోపీ కొంది. ఎవరూ అడక్కుండానే, “పాతదే, పెట్లోంచి తీశాను” అంది. పెట్లోంచి తీసిన టోపీకి కొట్టువాడి చీటీ ఇంకా వేలాడుతోంది. తర్వాతి వారం బడి పంతులమ్మ మిస్ ఆర్డీలియా నెత్తిన ఇంకొక పసుపు టోపీ. ఆ పంతులమ్మ పని నాది. కాలేజీలో చదువుకుని, ఆ బడిలో పిల్లలకి ఎక్కాలు నేర్పినదాన్ని నేనే. పెళ్ళి చేసుకున్న పంతులమ్మని బడి ఉంచుకోదు కాబట్టి కుర్చీ ఆవిడకి వెళ్ళింది. ఇప్పుడు పాటలో చోటు కూడా ఆవిడే పట్టుకుపోతోందా అనిపించి ఒళ్ళు మండింది. జూలై మొదటి ఆదివారం చర్చిలో మొదటి వరసలో డీకను గారి భార్య కూర్చుంది. నెత్తిన పసుపు టోపీ. పాస్టరు గారు ఆ రోజు వ్యభిచారం గురించి మాట్లాడదామనుకున్నవాడు ఓర్పు గురించి మాట్లాడాడు.

ఊళ్ళో ముగ్గురు లూయెల్లాలు. ముగ్గురికీ నా మొగుడితో ఒక్క మాటన్నా ఉందని నేననుకోను. కానీ ముగ్గురూ ఆ పాటలో నిలబడగలరు, నేను నిలబడలేను. అదీ నా ఏడుపు.

ఒకరోజు అన్నం దగ్గర అడిగేశాను. “నామీద ఒక పాట కట్టకూడదూ?”

హోసియా నిజంగానే ఆలోచించాడు. అతనిలో మంచి గుణం అది, వెక్కిరించడు. “నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదా” అన్నాడు.

“ఉంటే?”

“ఇంట్లో ఉన్న మనిషి మీద బ్లూస్ ఎలా కడతారే? పోవాలి కదా.”

“చస్తే?”

“అది చర్చి పాట.”

అత్తగారు పైపు తీసి నవ్వింది. నేను లేచి కంచం తీసేశాను. అతను ఇంకా తింటున్నాడు.

జూలై చివర ఎండ ముదిరింది. మా ఇంటికి ఉత్తరంగా వంపు దగ్గర పట్టా బాగా పక్కకి పోయింది. గ్యాంగు అంతా అక్కడే. ఆవేళ హోసియా భోజనం డబ్బా మర్చిపోయి వెళ్ళాడు. నేను తీసుకెళ్ళాను. డబ్బాలో చిక్కుళ్ళు, కొంచెం మాడినవి. పొయ్యి మీద పెట్టి పుస్తకం చదువుతున్నాను, ఏం చెయ్యను.

దారిలో మిస్ కార్డీ ఎదురైంది. టోపీ సవరించుకుంటూ, “నీ మొగుడు ఇవాళ గొంతు బాగా పలికిస్తున్నాడు జెనీవా. వినడానికి వెళ్ళాను. నన్ను చూసి ఇంకో చరణం ఎక్కువ పాడాడు” అంది.

“ఎండకి అలాగే కనబడుతుంది” అన్నాను. కానీ వంపు దగ్గరికి చేరేసరికి నా చెవుల్లో నీళ్ళు మరుగుతున్నాయి.

మగవాళ్ళు గునపాలు పెట్టి వంగి సిద్ధంగా ఉన్నారు. పట్టా ఇంక వేలి మందం జరిగితే చాలు, కెప్టెన్ దూరంగా మోకాళ్ళ మీద ఉండి ఒక వేలే చూపిస్తున్నాడు. హోసియా కళ్ళు మూసుకుని, మొహం ఆకాశానికి ఎత్తి, నేను ఏ రోజూ చూడని ఒక మొహంతో మొదలుపెట్టాడు.

“పొద్దుటి బండెక్కి పోయింది నా లూయెల్లా...”

“పోనీ” అన్నాను నేను.

పెద్దగానే అన్నాను. డబ్బా కట్ట మీద దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఒక వేసవికి సరిపడా కడుపులో దాచుకున్నది బయటికి వదిలాను. “పోనీ. ఎక్కితే ఎక్కనీ. పోతే పోనీ. పోనీ.”

గ్యాంగు మనిషి వినేది మాట కాదు, ఊపు. వంగిన వాళ్ళకి ఎవరు అంటున్నారో కనబడదు. మొదటి ‘పోనీ’కి అందరూ లాగారు. ‘ఎక్కనీ’కి లాగారు. రెండో ‘పోనీ’కి, మూడో ‘పోనీ’కి ఇంకా గట్టిగా లాగారు, ఎందుకంటే అంత బలంగా, అంత మనసుపెట్టి ఎవరూ ఎప్పుడూ వాళ్ళకి చరణం అందివ్వలేదు. చివరికి డీకను ఎల్జీ, గ్యాంగులో అందరికన్నా పొడుగు, చిట్టచివర గునపం అతనిదే, తలెత్తి చూసి, “ఇది హోసియా గొంతు కాదర్రా” అన్నాడు.

అప్పటికి పట్టా బెత్తెడు అవతలికి పోయింది. రావలసినంత కాదు, పోకూడనంత.

కెప్టెన్ నెమ్మదిగా నిలబడి, గడియారం తీసి చూసి, ఎర్రజెండా ఒకడి చేతికిచ్చి బండికి ఎదురు పరిగెత్తించాడు. మధ్యాహ్నం పాసింజరు మెంఫిస్ వైపు నుంచి వచ్చే వేళ. తర్వాత నావైపు చూశాడు.

“వెనక్కి లాగండి” అన్నాడు.

గునపాలు అవతలి వైపు పెట్టారు. హోసియా గొంతు సవరించుకున్నాడు. “పొద్దుటి బండెక్కి...” అన్నాడో లేదో, వరసలో ఎవడో “పోనీ” అన్నాడు సన్నగా. ఒకడు నవ్వాడు. ఇంకొకడు నవ్వాపుకోబోయి దగ్గాడు. సగం మంది లాగారు, సగం మంది లాగలేదు. పట్టా ఉన్నచోటే ఉంది. ఇంకోసారి అందుకున్నాడు. ఈసారి ఎల్జీ కూడా, డీకను అయ్యుండీ, భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. లూయెల్లా ఇంక ఒక్క పట్టాని కూడా కదపలేదని అందరికీ అర్థమైంది. దూరంగా బండి కూత వినబడింది.

హోసియా నావైపు తిరిగాడు. కోపంగా లేడు. ఎవరినో కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. కళ్ళు తెరిచే పాడాడు.

“మీ పెళ్ళాలు అలిగితే మూతులే తిరుగుతాయ్, హా
మా పెళ్ళాం అలిగితే పట్టాలే జరుగుతాయ్, హా”

నవ్వే వాళ్ళంతా ఆ నవ్వుతోనే లాగారు. నవ్వు కూడా ఒక ఊపే కదా. పట్టా మూలిగింది.

“పుస్తకం చదువుకుంటూ చిక్కుళ్ళు మాడ్చింది, హా
గరిటె పట్టి వచ్చి రైలుదారి వంచింది, హా”

నా చేతిలో గరిటె లేదు. కానీ అది వాదించే సమయం కాదు. డబ్బా మూత తెరవకుండా చిక్కుళ్ళ సంగతి అతనికి ఎలా తెలిసిందో అని మాత్రం ఆశ్చర్యపోయాను. రోజూ అవే తింటున్నాడని తర్వాత గుర్తొచ్చింది. ఇంకా నాలుగు చరణాలు నా గురించే పాడాడు, ఇక్కడ రాయదగినవి కావు. పట్టా వచ్చి దాని చోట కూర్చుంది. కెప్టెన్ చెయ్యి దించాడు. జెండా చూసి నెమ్మదించిన పాసింజరు వంపు మీద మెల్లగా, ఎవరికీ ఏమీ తెలియనట్టు, వెళ్ళిపోయింది.

ఆ వేసవంతా కావాలనుకున్న పాట నాకు దొరికింది. లూయెల్లాకి పొద్దుటి బండి, పసుపు టోపీ. నాకు మాడిన చిక్కుళ్ళు, గరిటె.

కెప్టెన్ నిదానస్తుడు. శనివారం దాకా ఆగి, “ఆడమనిషి అరుపుకి కదిలే గ్యాంగు నాకొద్దు” అని పాట ఎల్జీకి అప్పగించాడు. హోసియా చేతికి గునపం ఇచ్చాడు. ఎల్జీకి వచ్చినవి కీర్తనలే. కీర్తనల ఊపుకి పట్టాలు స్వర్గానికి పోయినంత నెమ్మదిగా జరిగేవి. నామీద కట్టిన చరణాలు మాత్రం గునపాల వెంట పక్క గ్యాంగులకి, వాళ్ళ నుంచి ఆ పక్క వాళ్ళకి పాకిపోయాయి. చర్చిలో పిల్లలు నన్ను చూసి ‘హా’ అనేవాళ్ళు. ఊళ్ళో పసుపు టోపీలు ఒకటొకటిగా మాయమయ్యాయి. గరిటెలు మాత్రం ఎవరూ కొనలేదు.

హోసియా మిస్ కార్డీ షెడ్డుకి వెళ్ళడం మానేశాడు. సాయంత్రం వరండా మెట్ల మీద కూర్చుని పట్టాలకేసి చూసేవాడు. నేను పక్కన కూర్చుని మొక్కజొన్న కండెలు ఒలుస్తూ, ఇంక దాచుకోవడం ఎందుకని అడిగాను.

“ఎవరా లూయెల్లా?”

“ఎవరూ లేరు.”

“పసుపు టోపీ కూడా లేదా?”

“టోపీ ఉంది. ఎవరిదో. కిటికీలో చూశాను. బండి వస్తోందంటే మేం పక్కకి దిగి, గునపాలు పట్టుకుని నిలబడతాం కదా. కిటికీలు మా మొహాల మీంచే పోతాయి. ఒక్కళ్ళూ చూడరు. కోడి కాలు కొరుక్కుంటూ ఒకడు, నిద్రపోతూ ఒకడు. ఎవడు ఎక్కడికి పోతున్నాడో. ఆ పట్టా నేను సరిచేసిందే. నేను తప్ప అందరూ దానిమీద పోతారు. కడుపు మండిపోయేది జెనీవా.”

“దానికి ఆడదాన్ని ఎందుకు ఎక్కించావు?”

“ఖాళీ బండి మీద పాటెవడు వింటాడు? ఎవర్నో ఒకర్ని ఎక్కించాలి. నేనే ఎక్కి పోతున్నానని పాడితే అమ్మ అన్నం మానేస్తుంది. నువ్వు...”

“నేను?”

“నువ్వు పట్టాలు పీకేస్తావు.”

నవ్వాలో వద్దో తెలియలేదు. లూయెల్లా లేదని తెలిస్తే ప్రాణం కుదుటపడాలి కదా. పడలేదు. ఆడదైతే జుట్టు పట్టుకోవచ్చు. బండికి జుట్టెక్కడుంది. ఇన్నాళ్ళూ ఊళ్ళో ముగ్గురి నెత్తిన టోపీలు చూసి ఏడ్చాను. నా సవతి రోజుకి నాలుగుసార్లు మా గిన్నెలు కదుపుకుంటూ గుమ్మం ముందు నుంచే పోతోంది.

ఆగస్టు నెలాఖరున హోసియా చెప్పాడు. షికాగోలో మాంసం ఫ్యాక్టరీలో పని ఉందట, ఎవరో రమ్మన్నారట. “ముందు నేను వెళ్తాను. చోటు చూసుకుని, టికెట్లు పంపి పిలిపిస్తాను.”

అత్తగారు పైపు నోట్లోంచి తీసి, లోపల బూడిద ఉందో లేదో చూసి, మళ్ళీ పెట్టుకుంది.

“మంచిది నాయనా” అంది.

“మంచిది” అన్నాను నేను.

మేమిద్దరం అంత తొందరగా ఒప్పుకోవడం అతనికి నచ్చలేదని తెలుస్తూనే ఉంది. ఏడుపుకి సిద్ధపడి వచ్చిన మనిషికి ఏడుపు దొరక్కపోతే అవమానంగా ఉంటుంది. “ఏం, ఏమీ అడగరా?” అన్నాడు.

“పోస్టు జాగ్రత్త” అంది అత్తగారు. “మన వైపు ఆలస్యమవుతుంది.”

వెళ్ళే రోజు గుమ్మం దగ్గరే సెలవు తీసుకున్నాడు. స్టేషన్‌కి రావద్దన్నాడు, చూడలేనన్నాడు. మేం బుద్ధిగా తలూపాం. గ్యాంగు వాళ్ళకి చెప్పి వస్తానని అతను అటు వెళ్ళగానే మేం ముందే మాట్లాడి ఉంచిన ఐసు బండివాడు ఇటు వచ్చాడు. వాడి ట్రక్కులో, ఐసు దిమ్మల మధ్య, రెండు పెట్టెలు, ఒక మూట, అత్తగారి కుర్చీ దిండు, నేను, ఆవిడ. దక్షిణాన ఒక స్టేషను వెనక్కి వెళ్ళి, ఆ బండిని అక్కడే ఎక్కాం. ఇంజను వెనకాలే నల్లవాళ్ళకి వేరుగా పెట్టిన పెట్టెలో చోటు చూసుకుని, అత్తగారు కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి, తను లోపలికి కూర్చుంది. అడుగు భాగం తడిసి ఇద్దరికీ చలేసింది.

మా ఊరు వచ్చేసరికి హోసియా ప్లాట్‌ఫాం మీద ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో పెట్టె, భుజాన గిటారు. బండి నెమ్మదించింది. కిటికీలు అతని మొహం మీంచి ఒకటొకటిగా జరుగుతున్నాయి, అతను అలవాటు కొద్దీ వాటిలోకి చూస్తున్నాడు. నా కిటికీ అతని ఎదురుగా వచ్చి, దాటి, రెండడుగుల అవతల ఆగింది.

దాటిన ఆ ఒక్క క్షణం అతని మొహం చూశాను. బండిలో వెళ్ళిపోతున్న ఆడమనిషిని చూసే మొహం అది. వంపు దగ్గర ఆకాశానికి ఎత్తి పాడినప్పటిదే, కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి. నేను అది చూడాలనే ఇంత దూరం ఐసు మీద కూర్చుని వచ్చాను. చూశాను.

“ఎక్కడికే?” అన్నాడు చివరికి.

“నువ్వు వెళ్ళే చోటికే. కానీ ముందు బయల్దేరింది నేను. పాట కావాలంటే అక్కడే ఉండిపో.”

“అమ్మా, నువ్వెక్కడికి?”

“మీ నాన్న పిలిపిస్తానన్నాడు కదరా” అంది అత్తగారు కుర్చీ దిండు సవరించుకుంటూ. “ఇంక పోస్టు కోసం చూడలేను. నేనే వెళ్ళి తెచ్చుకుంటాను టికెట్టు.”

గార్డు అరిచాడు. హోసియా ప్లాట్‌ఫాం చివర దాకా ఒకసారి చూశాడు. నిజంగా ఆలోచిస్తున్నాడేమోనని కిటికీ చట్రం పట్టుకున్నాను. తర్వాత పెట్టె మెట్టు మీద పెట్టి ఎక్కాడు. వంపు దగ్గర గ్యాంగు పక్కకి దిగి నిలబడి ఉంది. అతను కిటికీలోంచి చెయ్యి ఊపబోయి, ఎందుకో ఊపలేదు. ఎల్జీ మాత్రం మమ్మల్ని చూసి గునపం ఎత్తాడు. షికాగో దాకా హోసియా మా ఇద్దరి మధ్య ఇరుక్కుని నిద్రపోయాడు. ఒక్క కూనిరాగం కూడా తియ్యలేదు.

షికాగోలో మా గది కిటికీ పక్కనే, రెండో అంతస్తు ఎత్తున, ఇనప స్తంభాల మీద రైళ్ళు పోతాయి. గిన్నెలు ఇక్కడా చోట్లు మారతాయి. మావగారు ఎక్కడా దొరకలేదు, కానీ అత్తగారికి వెతకడం నచ్చింది. ప్రతి ఆదివారం ఒక కొత్త చర్చిలో వెతుకుతుంది. హోసియా ఫ్యాక్టరీకి వెళ్తాడు. శనివారాలు ఒక నేలమాళిగలో గిటారు వాయిస్తాడు. ఇక్కడ నన్ను తెలిసినవాళ్ళు లేరు, లోపలే కూర్చుని వింటాను.

అక్టోబరు చలి మొదలైన వారం అతను కొత్త పాట కట్టాడు. రైలు పట్టాల పక్కన ఒక ఇల్లు. గుమ్మంలో ఒక ఆడమనిషి, చేతులకి పిండి, మొహాన ఎండ. ఉత్తరాదికి పోయే బండిలో మొగుడు. ఆమె చెయ్యి ఊపలేదు, ఏడవలేదు, తలుపు మాత్రం వేసుకోలేదు. నేలమాళిగలో జనమంతా మా దక్షిణాది వాళ్ళే. కన్ను తడవనివాళ్ళు ఒక్కళ్ళూ లేరు. పక్క కుర్చీలో ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని, “పాపం, ఎంత మంచి ఇల్లాలో. అక్కడే వదిలేసి వచ్చాడు చూడు, పాపాత్ముడు” అంది.

“అవును” అన్నాను. ఆ గుమ్మం నాకు తెలుసు. ఆ ఎండ తెలుసు. ఆ మనిషి కూడా తెలుసు, కాకపోతే నాకు తెలిసినప్పుడు అంత అందంగా ఉండేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ అదే పాట తీస్తున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మొహం కిటికీ వైపు, దక్షిణానికి. నేను మొక్కజొన్న రొట్టె కంచంలో పెట్టి ముందుకి తోశాను. కళ్ళు తెరవలేదు.

“తినవయ్యా. ఆవిడ వచ్చి వడ్డిస్తే గానీ తినవా?”

గిటారు పక్కన పెట్టి, నవ్వి, ఒక ముక్క తుంచుకున్నాడు. నమిలాడు. కొంచెంసేపు నిజంగానే ఆలోచించాడు.

“ఆవిడ చేతి రొట్టె ఇంతకన్నా బాగుండేది” అన్నాడు.

నిజమే. అక్కడ పిండి మంచిది. రెండో రొట్టె మాత్రం వెయ్యలేదు.